కింద గాజులు, మేడమీద నేను

నాకు బిడ్డ వద్దు. ఆ సంగతి టెస్టు కార్డు మీద రెండో గీత తేలినప్పుడే నాకు తెలుసు. కానీ మా అత్త రోజూ పొద్దున్నే నా తోటికోడలి చేతికందించే కుంకుమపువ్వు పాలు మాత్రం నాక్కావాలి. ఈ రెండు కోరికలూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతాయని అడక్కండి. ఇమిడాయి. ఆ వేసవంతా ఆ రెండింటినీ మోసుకుంటూనే టి. నగర్‌లో పట్టుచీరలు అమ్మాను.

మాది పెరంబూరు. తాతల కాలంలోనే మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మామగారు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కట్టిన ఇల్లు. ఆయన పోయాక కూడా అందరం కలిసే ఉంటున్నాం. అత్త, మేము, మా కూతురు, మరిది, అతని భార్య. మా ఆయన కూడా అదే ఫ్యాక్టరీ. కూతురు ప్లస్‌టూ. నేను చీరల కొట్టులో పట్టు విభాగానికి సూపర్‌వైజరుని. ఆ పదవి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కాళ్ళు పీకుతున్నా సరే, ఎవరి పర్మిషనూ అడక్కుండా స్టూలు మీద కూర్చునే హక్కు జీవితంలో మొదటిసారి వచ్చింది.

ఇక తోటికోడలి సంగతి. ఇరవై ఆరేళ్ళ పిల్ల. కంప్యూటరు కంపెనీ ఉద్యోగం, ఇంట్లోంచే పని. ఆ పిల్లకి నెల తప్పిన రోజు నుంచీ మా ఇల్లు ఇల్లులా లేదు. స్కానింగు ఫొటో తెచ్చి అత్త ఫ్రిజ్ మీద అంటించింది. పాల ప్యాకెట్ కోసం తలుపు తీసినప్పుడల్లా ఆ నల్లటి మచ్చకి నేను దణ్ణం పెట్టాలన్నట్టు. దానిమ్మ గింజలు ఒలిచి గిన్నెలో పోసి, పైన స్పూను పెట్టి ఇచ్చేది అత్త.

"పొయ్యికాడ నిలబడొద్దని చెప్పినా కదా తల్లీ, ఆ వేడి తగలకూడదు. పోయి ఫ్యానుకింద కూర్చో" అనేది ఆమెతో. అదే గుక్కలో నా వైపు తిరిగి, "ఏమే, నువ్వా కొబ్బరి తురుము" అనేది.

నాకు కడుపు మండిపోయేది. నా కూతురు కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెలలో అత్త చెల్లెలి కుటుంబం మొత్తానికి ఇదే పొయ్యి ముందు నిలబడి గారెలు వండాను. అప్పుడు వేడి తగల్లేదా? అప్పుడు కుంకుమపువ్వు పండలేదా? మరిది రాత్రిళ్ళు భార్య కాళ్ళు పిసుకుతుంటే తలుపు సందులోంచి కనిపించేది. నేను కావాలనే ఆ దారిన నీళ్ళకి వెళ్ళి, చూసి, ఒళ్ళు మండించుకుని వచ్చేదాన్ని. అదొక జబ్బు. పుండని తెలిసీ గోకుతూనే ఉంటాం చూడండి, అట్లాంటిది.

చివరికి సీమంతం చీర కూడా నేనే ఎంచాల్సి వచ్చింది. "నీ కొట్టే కదా, నీకు డిస్కౌంటు ఇస్తారు కదా" అన్నారు. ఆకుపచ్చ పట్టు, ఎర్ర అంచు. బీరువాలన్నీ దించి అన్నిటికంటే మంచిది తీశాను. నాసిరకం తేవడానికి నా ఉద్యోగం ఒప్పుకోలేదు. నా కుళ్ళు ఒప్పుకునేదే.

ఆ హడావిడిలో నాకు నెల తప్పింది. ముప్పై తొమ్మిదేళ్ళు. ముట్లు ఆగిపోతున్నాయేమో, పీడ పోయింది అనుకున్నాను. వేవిళ్ళు మొదలయ్యాక గానీ అనుమానం రాలేదు. కొట్టులోని బాత్రూములో కార్డు పెట్టి చూసుకుని, ముఖం కడుక్కుని, బయటికొచ్చి ఎవరికో ముహూర్తం చీర చూపించాను.

మా ఆయనతో చెబితే కాసేపు తల గోక్కున్నాడు. "నీ ఇష్టం. నువ్వెట్ల చెప్తే అట్ల" అన్నాడు. మంచివాడే, కాదనను. కానీ ఆ మాట చెప్పి అటు తిరిగి నిద్రపోయాడు. ఆ నిద్ర చూసి కూడా నాకు అసూయే. ఒకే సంగతి ఇద్దరిదీ అయినప్పుడు ఒకరికే నిద్ర ఎట్లా పడుతుంది?

వద్దని నాకు తెలుసు. ఎందుకు వద్దని పది కారణాలు చెప్పగలను. రక్తం తక్కువ. మొదటి కాన్పు తర్వాత రెండేళ్ళు మనిషిని మనిషిలా లేను. ఇప్పుడిప్పుడే ఊపిరాడుతోంది. కానీ కారణాలు లేకపోయినా వద్దనే అనేదాన్ని. అత్తకి తెలిస్తే మాత్రం నా మాట చెల్లదు. "దేవుడిచ్చినాడు, పడుండనీ" అంటుంది, అంతే.

ఎట్లా పోగొట్టుకోవాలో నాకు తెలీదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, మొదట బొప్పాయి తిన్నాను. తోటికోడలిని తినొద్దని అత్త కట్టడి చేసిన బొప్పాయి. పండు మొత్తం నేనొక్కదాన్నే కోపంగా తినేశాను. కడుపు శుభ్రపడింది. మరేం కాలేదు.

కొట్టులో ఒకామె, "ఏంటికక్కా అంత ఆలోచన? పాండీ బజార్ సందులో మెడికల్ షాపులో అడిగితే మాత్రల కిట్టు ఇస్తాడు. రెండు రోజుల్లో అయిపోతాది" అంది. నేను వెళ్ళేదాన్నే. కానీ మా కొట్టులోనే ఇంకొకామె అట్లాగే మాత్రలు కొనుక్కుని మింగింది. ఆమెకి పిండం గర్భసంచిలో లేదు, పక్క ట్యూబులో ఉంది. మాత్రలు అక్కడిదాన్ని ఏమీ చెయ్యవట. ట్యూబు పగిలి, చీరల మధ్యే కుప్పకూలిపోయింది. ఆమెని ఆటోలోకి ఎత్తిన చేతుల్లో నావీ ఉన్నాయి. అందుకే మెడికల్ షాపు ముందునుంచి నడిచి, దాటి, డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

డాక్టరు నా వయసుదే. మా ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోమంది. తలుపు వేసి, కుర్చీ నా వైపు జరుపుకుని, తమిళంలో అడిగింది, "మీకేం కావాలి? బయట కూర్చున్నాయనకి ఏం కావాలని కాదు. మీకు."

చీరల కొట్టులో రోజంతా నేను అడిగే మాట అది. నన్ను ఎవరైనా అడగడం ఎప్పుడు జరిగిందో గుర్తురాలేదు.

"వద్దు డాక్టర్" అన్నాను.

"సరే" అంది. అంతే. ఉపన్యాసం లేదు, కనుబొమలు పైకి లేవలేదు. మొగుడి సంతకం కావాలా అని అడిగితే, "పెద్దదానివి, నీ సంతకం చాలు. ఎవరికీ చెప్పాల్సిన పని మాకూ లేదు" అంది.

స్కాను తీసింది. గర్భసంచిలోనే ఉంది, ఏడో వారం. రక్తం తీసి గ్రూపు చూసింది. నెగటివ్ గ్రూపైతే వేరే ఇంజెక్షను ఇవ్వాలట, నాది కాదు. తర్వాత రెండు దారులున్నాయని చెప్పింది. ఒకటి మాత్రలు. తొమ్మిది వారాలలోపు అయితే ఇవ్వొచ్చు. మొదటి మాత్ర తన ముందే మింగాలి. అది గర్భం నిలవకుండా ఆపుతుంది. ఒకటి రెండు రోజులాగి ఇంట్లో నాలుగు మాత్రలు బుగ్గల్లో పెట్టుకుని కరగనివ్వాలి. అప్పుడు గర్భసంచి ముడుచుకుని బయటికి నెట్టేస్తుంది. రెండోది, సన్నటి గొట్టంతో లోపలున్నది లాగేయడం. మత్తు అక్కడివరకే, ఆసుపత్రిలోనే, కాసేపట్లో అయిపోతుంది.

"నీకు రక్తం తక్కువ. నన్నడిగితే రెండోదే మేలు. అంతా నా కళ్ళముందే అయిపోతుంది. మాత్రలతో రక్తం ఎక్కువ పోతుంది. ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు. కానీ కొందరికి ముక్క మిగిలిపోతుంది, అప్పుడెట్లాగూ గొట్టం పెట్టాల్సిందే."

నేను మాత్రలే అన్నాను. ఆసుపత్రికి పోతే ఇంట్లో జవాబు చెప్పాలి. మాత్రలైతే ముట్టు వచ్చిందంటే సరిపోతుంది. డాక్టరు వేళ్ళు మడుస్తూ చెప్పింది. నొప్పి ఉంటుంది, చలి పుడుతుంది, కాస్త జ్వరం, విరేచనాలు, అవన్నీ మామూలే. గడ్డలు పడతాయి, భయపడొద్దు. కానీ పెద్ద ప్యాడ్లు గంటకి రెండు చొప్పున, వరసగా రెండు గంటలు తడిసిపోతే ఇంట్లో ఉండొద్దు. కళ్ళు తిరిగినా ఉండొద్దు. మర్నాటికీ జ్వరం తగ్గకపోయినా, దుర్వాసన వచ్చినా ఉండొద్దు. రెండు వారాలకి వచ్చి చూపించుకోవాలి, గర్భం పోయిందని మనంతట మనం అనుకోకూడదు. ఇన్నీ తమిళంలోనే చెప్పింది. నా తలలోకి మాత్రం తెలుగులోనే దిగాయి.

బొప్పాయి సంగతి కూడా చెప్పాను. నవ్వింది. "బొప్పాయితో పోయేటట్టయితే నాకు పనేముంది?"

చివర్లో అడిగింది, "ఆ రోజు ఇంట్లో నీతో ఎవరుంటారు? ఒంటరిగా ఉంటానంటే మాత్రలివ్వను."

"మా తోటికోడలు" అన్నాను.

ఆమే ఎందుకు గుర్తొచ్చిందో చెప్పనా? రోజంతా నా తలలో తిరిగేది ఆ పిల్లే. నిద్రలో లేపి అడిగినా నోట్లోంచి ఆ మాటే ఊడిపడేది. ఆ రోజు ఫోను చేసి కనుక్కుంటానని, నర్సు నా నంబరుతోపాటు ఆమెదీ అడిగి తన ఫోనులో వేసుకుంది. ఇచ్చేశాను. ఎవరు చేస్తార్లే అనుకున్నాను.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ముట్టయితే దూరం కూర్చోవడం. మామూలు రోజుల్లో ఆ మూడు రాత్రులూ మేడమీద పడుకుంటే చాలు, మిగతాది అత్త ఇప్పుడంత పట్టించుకోదు, ఉద్యోగాలకి పోయే ఆడవాళ్ళం కదా. కానీ ఇంట్లో శుభకార్యం ఉంటే మాత్రం అన్నీ పాత రోజులే. మేడమీద ఒక గది, పక్కనే బాత్రూము, ఒక చాప, విడిగా కంచం, గ్లాసు. దూరమున్న మనిషి కిందికి రాదు, కింది మనిషి పైకి పోదు. కడుపుతో ఉన్నదాని మీద నీడ కూడా పడకూడదు.

సీమంతం రోజుకి మాత్రలు పెట్టుకున్నది నేనే. కావాలనే పెట్టుకున్నాను. ఇల్లంతా జనం ఉంటారు, అందరి కళ్ళూ ఆమె మీదే ఉంటాయి, నా వైపు చూసే నాథుడు ఉండడు. పైగా మా అత్త నియమం నాకే కాపలా. ఆ మేడగది కంటే మంచి చోటు మద్రాసు మొత్తంలో దొరకదనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, దాస్తే ఏం లాభం? పెద్ద తోటికోడలిగా ఆమెకి మొదటి గాజు నేను తొడగాలి. నవ్వు ముఖంతో. ఆ నవ్వు నా దగ్గర లేదు.

రెండు రోజుల ముందు డాక్టరు దగ్గరే మొదటి మాత్ర మింగాను. సీమంతం పొద్దున తల దించుకుని అత్తకి దూరమని చెప్పాను.

"ఏందే, ఈ పొద్దా? నీకు వేరే రోజే దొరకలేదా?" అని అత్త నెత్తి కొట్టుకుంది. "సరి, పైకి పో. ఈడ యాడా తాకొద్దు. ఇంక గాజులెవురు తొడగతారో ఏమో!"

అబ్బో, నేను తొడక్కపోతే ఆ చేతులు బోసిగా ఉంటాయా? పైకి వెళ్ళిపోయాను. పులిహోరకి పులుసు మాత్రం ముందురోజే కాచి ఇచ్చాను, ఆ పని ఎప్పుడూ నాదే.

చాప పరిచి, మాత్రలు బుగ్గల్లో పెట్టుకుని కూర్చున్నాను. కింద పాటలు మొదలయ్యాయి. మెట్ల మీదుగా చందనం వాసన, వేడి నెయ్యి వాసన. గాజులు తొడుగుతున్న చప్పుడు. అరగంటకి నాకు చలి పట్టుకుంది, పళ్ళు టకటకలాడాయి. తర్వాత నొప్పి. చాప అంచు నోట్లో కుక్కుకున్నాను. ప్రతి గాజు చప్పుడుకీ లెక్కపెట్టి మరీ ఏడ్చాను. నొప్పికా, కుళ్ళుకా అని అడిగితే ఏం చెప్పను? రెండూ ఒకచోటే ఉన్నాయి.

మా ఆయన ఒకసారి మెట్లెక్కి, తలుపవతల నీళ్ళ సీసా పెట్టాడు. "పరవాలేదా?" అన్నాడు గుసగుసగా.

"పరవాలేదు, నువ్వు పో. ఎవరైనా చూస్తారు" అన్నాను. పోయాడు. అరిటాకులు తేవాలట.

మధ్యాహ్నానికి గడ్డలు పడ్డాయి. అయిపోయింది, బతికాను అనుకున్నాను. కానీ రక్తం ఆగలేదు. మార్చిన ప్యాడు మార్చినట్టే నిండిపోతోంది. గంట గడిచింది. డాక్టరు చెప్పిన లెక్క నాకు తెలుసు, నోటికి వచ్చు. రెండో గంట కూడా అట్లాగే నడుస్తోందనీ తెలుసు. లేచి నిలబడితే గోడ పక్కకి జరిగింది.

అయినా పిలవలేదు.

ఎందుకంటారా? పిలిస్తే పాటలు ఆగిపోతాయి. బంధువులంతా లేస్తారు. సీమంతం మధ్యలో పెద్దకోడలు రక్తంతో కిందికి దిగిందంటే, "చూసినారా, ఓర్చలేక చేసింది" అంటారు. అది నిజం కూడా. నిజమైన మాట పదిమంది నోట వినడం కంటే ఈ చాప మీద పడుండటమే నయమనిపించింది. నా ప్రాణం ఒకవైపు, కుళ్ళుబోతన్న మాట ఒకవైపు, నేను ఆ మాటకే భయపడ్డాను.

ఫోను చార్జింగుకి పెట్టి మూల పడేశాను, సౌండు తీసేసి. నేనెట్లా ఉన్నానో కనుక్కుందామని ఆసుపత్రి నర్సు మాటిచ్చినట్టే నాకు చేసిందట, ఎన్నోసార్లు. నేను ఎత్తకపోయేసరికి తన దగ్గరున్న రెండో నంబరుకి చేసింది.

మెట్ల మీద గాజుల చప్పుడు వినిపించింది. కిందనుంచి పైకి వస్తోంది. రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులున్న మనిషి, ఏడో నెల పొట్టతో, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్న చప్పుడు అది. తలుపు తోసుకుని వచ్చింది. నేను ఎంచిన ఆకుపచ్చ చీర. బుగ్గలకి గంధం. ఎంత బాగుందో! అప్పుడు కూడా నా కళ్ళు ముందు అదే చూశాయి.

"రావద్దు! దూరముండాను, తాకొద్దు!" అని అరిచాను.

"సుమ్మా ఉండక్కా, ఊరుకో" అంది. వచ్చి పక్కన చతికిలబడింది. నుదురు మీద చెయ్యి పెట్టింది. "ఆసుపత్రి నర్సంట, ఫోన్ చేసినాది. మీ అక్కకి తోడుండావు కదా, మాత్రలేసుకున్నాక ఎట్లుండాదని నన్నడగతా ఉండాది. నాకేమీ తెలీకపోయినా, ఉండానని చెప్పినా. గంటకి ఎన్ని మారుస్తా ఉండావక్కా? నిజం చెప్పు."

చెప్పాను.

ఆమె ముఖం పాలిపోయింది గానీ మాట తడబడలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి కిందికి కేకేసింది. "అత్తా! అక్కకి రక్తం శానా పోతా ఉండాది. ఆసుపత్రికి పోతా ఉండాము. బావని రమ్మను!"

పాటలు ఆగిపోయాయి. నేను భయపడ్డదంతా జరిగింది. మెట్ల కింద ఆడవాళ్ళంతా తలలెత్తి చూశారు. సీమంతమయ్యాక అమ్మాయిని పుట్టింటికి తీసుకుపోవడానికి వాళ్ళమ్మ కారు తెచ్చింది, అది గుమ్మంలోనే ఉంది. మా ఆయన నన్ను ఎత్తుకుని దాంట్లోనే పడుకోబెట్టాడు. "అమ్మాయీ, నువ్వు పోగూడదు, దిష్టి తగలతాది" అని వాళ్ళమ్మ మొత్తుకుంటుంటే, నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుందా పిల్ల. పట్టుచీర మీద మరక పడింది. "చీర పాడవుతోంది" అన్నాను. "నీ కొట్టులో ఇంకోటి ఉంటాది లే" అంది.

లోపల చిన్న ముక్క మిగిలిపోయిందట. గొట్టం పెట్టి తీసేశారు. అన్నం వార్చినంతసేపు కూడా పట్టలేదు. రక్తం తగ్గిపోయింది. సెలైను పెట్టారు, రక్తం ఎక్కించాల్సినంత దూరం రాలేదు. ఇంకాస్త ఆలస్యమైతే వచ్చేదేనని డాక్టరు కోపంగా అంది. "ఇట్లా కావడం అరుదే. అయినప్పుడు పక్కన మనిషుండాలనే కదా ఆ రోజు అడిగింది? తోడుంటారని చెప్పి ఒంటరిగా ఉన్నావు" అని తిట్టింది. నేను పైకప్పు చూశాను.

మా ఆయన మందులకి వెళ్ళాడు. మంచం పక్కన స్టూలు మీద ఆ పిల్ల కూర్చుంది, గాజులన్నీ ఒళ్ళో పెట్టుకున్నట్టు చేతులు ముడుచుకుని. ఇప్పుడు అడుగుతుంది, ఎందుకు తీయించుకున్నావని అడుగుతుంది అనుకుని జవాబు వెతుక్కుంటున్నాను.

"అక్కా, ఈ డాక్టరు నిన్నొక్కదాన్నే లోపల కూర్చోబెట్టి అడిగిందా?" అంది.

"ఏమని?"

"నీకేం కావాలని."

"అడిగింది."

కాసేపు గాజులు అటూ ఇటూ జరుపుకుంది. "నన్నెవురూ అడగలేదక్కా. కార్డు చూసిన తక్షణం ఈయన అత్తకి చెప్పేసినాడు. నేను బాత్రూములోంచి బయటికొచ్చే లోపల మైసూర్‌పాకు వచ్చేసినాది. అప్పుడే ఆఫీసులో కొత్త ప్రాజెక్టు ఇచ్చుండారు. ఇంకో రెండేళ్ళు పోనీ అనుకున్నా. యాడ చెప్పేది? నోట్లో మైసూర్‌పాకు ఉండాది."

సెలైను చెయ్యి కదలకుండా ఆమె వైపు ఒత్తిగిల్లాను.

"ఇప్పుడు వద్దని కాదు. తంతా ఉండాడు లోపల, వాడంటే ప్రాణమే. కానీ ఆ పొద్దు ఒకురు అడిగుంటే ఏం చెప్పుందునో నాకే తెలీదు. కావాలనే చెప్పుందునేమో. అయినా అది నేను చెప్పిన మాట అయ్యుండును కదా." కళ్ళు తుడుచుకుంది. "నిన్ను చూస్తే కుళ్ళుగా ఉండాదక్కా. తప్పుగా అనుకోవద్దు."

నన్ను చూసి! రక్తం ఓడి, సెలైను సీసాకి వేలాడుతూ, జుట్టు రేగిపోయి పడున్న నన్ను చూసి! నవ్వొచ్చింది, నవ్వితే పొట్ట నొప్పెట్టింది. ఏడుపూ వచ్చింది. నెలలుగా ఆ తలుపు సందులోంచి నేను చూసిందేమిటి? కాళ్ళు పిసికించుకుంటున్న రాణి. ఆ రాణి గోడవైపు తిరిగి ఏం ఆలోచిస్తోందో ఒక్కసారైనా చూశానా? చూడలేదు. కాళ్ళే చూశాను.

"నేను నిన్ను చూసి కుళ్ళుకుంటున్నానమ్మా, ఎప్పటినుంచో" అన్నాను.

"తెలుసు కదా" అంది. "చీర మాత్రం మంచిదే తెచ్చినావు."

సాయంత్రానికి పంపించేశారు. ఇంటికొచ్చేసరికి బంధువులు వెళ్ళిపోయారు. ఆ పిల్ల తల్లి మాత్రం సంచీ సర్దుకుని కూర్చుంది. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అందరి ముందే అడిగాను, "నీకేం కావాలి? మీ అమ్మతో పోతావా, ఉంటావా?"

అత్త నోరు తెరవబోయింది. ఆ పిల్ల ముందే చెప్పేసింది, "ఈ పొద్దు అక్కతో పైన పడుకుంటా. రేపు పోతా."

"దూరముండే మనిషి పక్కనా?" అంది అత్త.

"అవును."

మేడగదిలో ఇంకో చాప పరిచాం. తలుపు వెయ్యగానే ఆ పిల్ల వెల్లకిలా పడి, పెద్దగా ఊపిరి వదిలింది. "ఎంత హాయిగా ఉండాదక్కా ఈడ! ఎవురూ రారు. నెలకి మూడు రోజులు నీకు ఈ గది, నాకేమో ఏడు నెలలుగా లేదు." గాజుల చేతులు పొట్ట మీద పెట్టుకుని నిమిషంలో నిద్రపోయింది.

తెల్లారాక మెట్లమీద అడుగుల చప్పుడు. పై మెట్టు దాకా వచ్చి ఆగింది, గది గడప మాత్రం తొక్కలేదు. ఏదో కింద పెట్టిన శబ్దం. "చల్లారిపోతాది, తాగండి" అని అత్త గొంతు. మళ్ళీ దిగిపోయింది. నాకు జరిగిందేమిటో ఆమెకి తెలిసిందో లేదో ఇప్పటికీ తెలీదు. అడగలేదు, నేను చెప్పలేదు.

మెల్లగా గోడ పట్టుకుని వెళ్ళి చూశాను. కుంకుమపువ్వు పాలు. రెండు గ్లాసులు.

చెప్పొద్దూ, ముందు చేసిన పని ఏ గ్లాసులో కుంకుమపువ్వు ఎక్కువుందో చూడటం. స్టీలు గ్లాసులో ఎక్కువుంది. దూరమున్న నాకు పెట్టింది ప్లాస్టిక్‌ది. దాంట్లో నాలుగు పోగులు కూడా లేవు. చూశారా, ఇంత జరిగాక కూడా!

రెండూ పట్టుకుని లోపలికి వచ్చాను. ఆ పిల్ల లేచి కూర్చుని స్టీలు గ్లాసు చూసి ముఖం వికారంగా పెట్టింది.

"అయ్యో, మళ్ళీనా! ఆ వాసన నాకు పడదక్కా. రోజూ ఎవురూ చూడకుండా తులసికుండీలో పోసేస్తా ఉండా."

"మరి చెప్పొచ్చు కదా?"

"ఎవురడిగినారు?"

రెండూ నేనే తాగేశాను.